తప్పెటకు కూలి కావాలి, క్వార్టర్ కాదు

(ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి ఏర్పాట్ల కోసం అనంతపురం జిల్లాలోని ఒక ఎస్సీ కాలనీలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభకు రమ్మని పిలిచేటప్పుడు పెద్దలు ఒక మాట చెప్పినారు. "సారూ, పిల్లోళ్ళు చెడిపోతాండారు. తాగుడు, గంజాయి, ఆ డీజే పాటలు. మీరైనా గట్టిగా నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. తర్వాత పిల్లోళ్ళు వచ్చినారు. "సారూ, జయంతికి డీజే పెట్టుకుంటామంటే పెద్దోళ్ళు వద్దంటాండారు. మీరైనా మా పక్క మాట్లాడండి" అన్నారు. ఇద్దరి మాటా విన్నాం. ఇద్దరికీ పూర్తిగా సంతోషం కలిగించే మాట ఈ పొద్దు మేం చెప్పలేం. కానీ ఇద్దరూ కూర్చుని ఆలోచించాల్సిన మాట ఒకటుంది.

ఆ మాట ఇది. మన వాడలో పాటకూ మత్తుకూ ముడి వేసింది మన పిల్లోళ్ళు కాదు. ఆ ముడి శానా పాతది. వేసినోళ్ళు వేరే. దాన్ని విప్పాల్సింది మాత్రం మనమే.

పాత ముడి

మన తాతల కాలం గుర్తు చేసుకుందాం. ఊర్లో దేవర జరిగితే తప్పెట కొట్టాల్సింది మనం. పెద్దింట్లో పీనుగ లేస్తే దాని ముందర తప్పెట కొట్టాల్సింది మనం. ఊరికి కబురు చెప్పాలంటే దండోరా వేయాల్సింది మనం. పీర్ల పండగలో గుండం చుట్టూ జనాన్ని ఆడించాల్సింది మనం. ఊరు ఊరంతా కదిలేది మన చేతి దెబ్బకే. అయినా గుడి ముందర కొట్టినోడు గుడి లోపలికి పోకూడదు. పీనుగ ముందర నడిచినోడు ఆ ఇంటి గడప తొక్కకూడదు. ఇదీ మన కళకు ఊరిచ్చిన మర్యాద!

సరే, ఆ పనికి కూలి ఏమిచ్చినారు? పిడికెడు గింజలు, చచ్చిన గొడ్డు, దాంతో పాటు కల్లో సారాయో. "తాగి కొట్టరా, బాగా మోగుతాది" అన్నారు. తాగకపోతే తప్పెట మోగదనే మాట మన నోట కూడా పలికించినారు. ఒక్కసారి ఆలోచించండి. పెండ్లిలో సన్నాయి ఊదేవానికి మేళం డబ్బులు ఇస్తారు, తాంబూలం ఇస్తారు, పంచె పెడతారు. తప్పెట కొట్టేవానికి మాత్రం సీసా ఎందుకు?

ఎందుకంటే డబ్బు ఇంటికి పోతాది. ఇంటికి పోతే ఆడమనిషి చేతిలో పడతాది. గింజలవుతాది, గుడ్డలవుతాది, పిల్లోని పలక అవుతాది. సారాయి ఇంటికి పోదు. రాత్రి గొంతులో దిగి తెల్లారేసరికి లేకుండా పోతాది. తెల్లారి లేచినోడు మళ్ళా అదే దొడ్డి ముందర చేతులు కట్టుకుని నిలబడతాడు. మన సీమలో తప్పెటను కూడా పలక అంటారు. భుజానికి తగిలించుకునే పలక మోగినంత కాలం, చేతిలో పట్టుకునే అక్షరాల పలక మన పిల్లోళ్ళకు రాకుండా చూసిన కూలి అది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. ఆ రెండో పలక ఎంత ఆలస్యంగా మన గడప దాటి వచ్చిందో మాకు తెలుసు.

కాబట్టి పెద్దలారా, "మా కాలంలో ఇట్లా లేదు" అనొద్దండి. మీ కాలంలో సీసా ఉన్నింది, వాయిద్యం ఉన్నింది, రెండూ కలిపి ఇచ్చే చెయ్యి ఉన్నింది. ఈ కాలంలో చెయ్యి మారింది, సీసా మీద కాగితం మారింది. అంతే.

సర్కారుకు తెలిసిన పాట

దొర ఇచ్చే సారాయి తర్వాత సర్కారు సారాయి వచ్చింది. 1980లలో మన రాష్ట్ర ప్రభుత్వం వారుణి వాహిని అని పేరు పెట్టి సారాయిని ప్యాకెట్లలో పోసి పల్లెపల్లెకూ పంపింది. తాగే నీళ్ళకు మన ఆడోళ్ళు మైళ్ళ దూరం బిందెలెత్తుకుని నడుస్తాంటే, సారాయి మాత్రం మన గుడిసె ముందరికే వచ్చింది. 1970–71లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఎక్సైజు మీద వచ్చిన ఆదాయం 39 కోట్లు. 1991–92 నాటికి అది 812 కోట్లు. ఇరవై ఏండ్లలో ఇరవై రెట్లు! ఆ డబ్బు ఎవరి చెమట? సారాయి తాగింది బంగళాల్లో ఉండేవాళ్ళు కాదు. మన కూలోళ్ళు, మన రిక్షావోళ్ళు, మన చేనుపనోళ్ళు.

దాన్ని ఆపింది ఎవరు? అసెంబ్లీ కాదు, ఆడోళ్ళు. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరదీపం పేరుతో చదువు ఉద్యమం మొదలైంది. రాత్రి బడికి వచ్చిన ఆడోళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివినారు. తాగుబోతు మొగుని చేతిలో నలిగిన ఆడమనిషి కథ అది. చదివి, "ఇది మన కథే కదా" అనుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడోళ్ళు ఏకమై సారాయి కొట్టు మూయించినారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1992లో సారా వేలం పాటలు జరగనీయకుండా ఆడోళ్ళు అడ్డం నిలబడితే ప్రభుత్వం మళ్ళా మళ్ళా వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాయి నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం కూడా వచ్చింది. రెండేండ్లు దాటగానే, 1997లో, ఖజానా ఖాళీ అయిందని చెప్పి దాన్ని ఎత్తేసినారు.

ఇక్కడ పిల్లోళ్ళు ఒక సంగతి పట్టుకోవాలి. ఆ ఉద్యమాన్ని ఊరూరికీ మోసింది పాటే. కళాజాతాలు తిరిగినాయి. గజ్జె కట్టినారు, డప్పు కొట్టినారు, పాట పాడినారు. అదే డప్పు, అదే గొంతు. సారాయి తాగడానికి కాదు, సారాయి కొట్టు మూయడానికి. పాట మనిషిని చెడగొడతాదని చెప్పేవాళ్ళు ఈ చరిత్ర ఎట్లా మరిచిపోతారు?

సర్కారుకు తెలిసిన పాట ఒక్కటే, వేలం పాట. ఇప్పుడు దాని బదులు లాటరీ వచ్చింది. 2019 నుంచి 2024 దాకా ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే దుకాణాలు పెట్టి అమ్మింది. రేట్లు పెరిగినాయి. మన జిల్లా పక్కనే కర్ణాటక. ఆ పక్క నుంచి టెట్రా ప్యాకెట్లు బండ్ల మీద, సంచుల్లో దిగినాయి. మోస్తూ దొరికినోళ్ళలో మన పిల్లోళ్ళూ ఉన్నారు. 2024 అక్టోబరులో లాటరీ తీసి 3,396 ప్రైవేటు దుకాణాలు ఇచ్చినారు. 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. పేదోనికి మేలు చేసినామన్నారు!

ఆ మేలు ఎంతో మేం బడిలో పిల్లోళ్ళకు చెప్పినట్టు లెక్క చెప్తాం. రోజుకు ఒక క్వార్టర్, 99 రూపాయలు. ఏడాదికి 36,135 రూపాయలు. ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొట్టమొదట ప్రారంభించింది మన గడ్డ మీదే, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. 2025–26లో ఆ పథకం కింద మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. నూరు దినాల పని మొత్తం దొరికి, పూర్తి కూలి చేతికొచ్చినా 30,700. అంటే ఒక ఇంట్లో ఆలుమగలు ఎండలో మట్టి తవ్వి తెచ్చిన నూరు దినాల కూలి మొత్తం ఆ ఒక్క క్వార్టర్‌కు చాలదు. ఇంకా ఐదు వేల పైన అప్పు చేయాలి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం అంటే ఇదే కదా!

పక్క రాష్ట్రంలో ఇంకో వింత జరిగింది. 2024 నవంబరులో పంజాబీ గాయకుడు దిల్జీత్ దొసాంజ్ హైదరాబాదులో కచేరీ పెట్టుకుంటే, మద్యం మీద పాటలు పాడకూడదని అధికారులు ముందే నోటీసు ఇచ్చినారు. పాడకూడదు, మంచిదే. మరి అమ్మొచ్చునా? పాటకు నోటీసు, దుకాణానికి లైసెన్సా? రాజ్యాంగం 47వ అధికరణంలో మత్తు పానీయాలను, ఆరోగ్యాన్ని పాడుచేసే మత్తుమందులను నిషేధించడానికి రాజ్యం పాటుపడాలని రాసి ఉంది. ఆ పుట తెరిచి చూసే సర్కారు ఏదీ?

డీజే ఎందుకు కావాలి?

ఇప్పుడు డీజే దగ్గరికి వద్దాం. పెద్దలు ఒక్క నిమిషం ఓపిక పట్టండి.

పిల్లోళ్ళు డీజే ఎందుకు అడుగుతాండారు? మన తాతలు ఊరి పెద్ద వీధిలో చెప్పులు చేతిలో పట్టుకుని నడిచినారు. అదే వీధిలో ఇళ్ళు అదిరేటట్టు పాట పెట్టి, తలపాగా చుట్టి, నీలం జెండా పట్టుకుని ఎగరాలని మనవనికి ఉంది. అందులో తప్పేముంది? అది కూతకు మాత్రమే ఆరాటం కాదు. "మేం కూడా ఉన్నాం, ఈ వీధి మాది కూడా" అని చెప్పుకోవడం. ఏడాదంతా బెంగళూరులో అపార్టుమెంట్లు కట్టే చోట ఇటుకలు మోసి, రేకుల షెడ్డులో పడుకుని, జయంతికి రెండు దినాలు ఇంటికి వచ్చిన పిల్లోడు వాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. దేశంలో జైసల్మేర్ తర్వాత వాన కరువుకు మన జిల్లాకే పేరు. శెనక్కాయ వేసి ఆకాశం చూసి, పెట్టుబడి కూడా రాక, ఇంటికి తాళం వేసి పోయే నేల. ఆ పిల్లోనికి సంతోషం అక్కర్లేదా? ఆట పాట అక్కర్లేదా? కావాలి. గట్టిగా కావాలి.

కానీ తమ్ముళ్ళారా, ఇప్పుడు మీ వంతు. ఆ డీజేలో పెట్టే పాట ఎవరిది? అందులో ఉండే హీరో ఎవడు? కత్తి పట్టి సుమోల్లో తిరిగే సీమ పెద్ద కులపోని కథకు మీరు ఈలలు వేసి, ఆయన ఫ్లెక్సీకి మీ కూలి డబ్బులతో పాలు పోస్తాండారు. ఆయన సినిమాలో మనం యాడుంటాం? వెనక జీపులో ఉంటాం. మొదటి దెబ్బకు చచ్చేవానిగా ఉంటాం.

2017లో 'అర్జున్ రెడ్డి' అని సినిమా వచ్చింది. హీరో డబ్బున్న ఇంటి డాక్టరు. తాగుతాడు, మత్తుమందు తీసుకుంటాడు, తాగి ఆపరేషన్ చేస్తాడు, లైసెన్సు పోతాది. అయినా ఆయనకు వెంట తిరిగే స్నేహితుడు ఉంటాడు, మళ్ళా కడుపులో పెట్టుకునే నాయన ఉంటాడు, చివరికి ప్రేమించిన పిల్ల కూడా దక్కుతాది. ఆ సినిమా చూసి గడ్డం పెంచి సీసా పట్టిన మన పిల్లోని సంగతేంది? వాడు పడిపోతే పట్టుకునే ఆస్తి యాడుంది? డాక్టరు పడితే పరుపు మీద పడతాడు. మనోడు పడితే బండల మీద పడతాడు. మత్తు ఒకటే కావచ్చు, పడే ఎత్తు ఒకటి కాదు.

2021లో 'పుష్ప' వచ్చింది. ఎర్రచందనం మోసే కూలోడు రాజవుతాడు. బాగుంది. నేల మీద ఏం జరిగింది? 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చచ్చిపోయినారు. అందరూ పేదోళ్ళే. తెర మీద మోసినోడు రాజు, నేల మీద మోసినోడు పీనుగ. ఈ తేడా చెప్పే పాట ఏ డీజేలోనూ మోగదు.

ఇంకో మాట. ఐటమ్ పాట పెట్టి మగపిల్లోళ్ళు చొక్కా విప్పి ఎగురుతాంటే మన ఆడపిల్లలు ఏం చేస్తాండారో చూసినారా? మెల్లగా వెనక్కు జరిగి ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంటాండారు. ఊరేగింపు ముందరికి పోయేకొద్దీ అందులో ఆడోళ్ళు ఉండరు. సగం వాడ ఇంట్లో కూర్చుంటే అది అంబేద్కర్ జయంతి ఎట్లా అవుతాది?

అన్నిటికన్నా ముఖ్యం, ఆ సీసా ఎవరిస్తాండారు? వినాయకుని నిమజ్జనానికి ట్రాక్టరు ముందర ఎగరడానికి మనోళ్ళు కావాలి. నాయకుని ర్యాలీకి బైకుల మీద అరవడానికి మనోళ్ళు కావాలి. తలకు ఒక క్వార్టర్, ఒక బిర్యానీ పొట్లం, బండికి పెట్రోలు. చూసినారా ముడి? తాతకు పీనుగ ముందర ఇచ్చిన సారాయే మనవనికి ర్యాలీ ముందర ఇస్తాండారు. తాతకు అదొక వెట్టి అని తెలుసు. మనవడు దాన్ని జల్సా అనుకుంటాండాడు.

సంచి మోసేవాడు, సరుకు అమ్మేవాడు

గంజాయి సంగతి దాచిపెట్టి లాభం లేదు. సిగరెట్టులో పొడి, పంక్చర్ సొల్యూషన్ పీల్చడం, నొప్పుల మాత్రలు గుప్పెడు మింగడం, ఇవి పట్నంలో ఆగిపోలేదు. మన ఊరి బస్టాండుకూ వచ్చినాయి.

గంజాయి మన మెట్ట నేలలో పుట్టి పెరిగినది కాదు. శానా వరకు ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కొండల నుంచి వస్తాది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు 2 లక్షల కిలోలకు పైగా గంజాయిని కుప్పలు పోసి కాల్చేసినారు. అంత సరుకు మీద పెట్టుబడి పెట్టినోని ముఖం మీరు ఎన్నిసార్లు పేపర్లో చూసినారు? మనం చూసేది ముసుగేసి నిలబెట్టిన కుర్రోళ్ళను. సంచి మోసినోళ్ళను. వాళ్ళు కొండల్లో గిరిజనులు, పల్లెల్లో మన పిల్లోళ్ళు.

అందుకని చట్టం తెలుసుకోండి. 1985 మత్తుమందుల చట్టం ప్రకారం గంజాయి కిలో లోపల దొరికితే ఏడాది దాకా జైలు, 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటితే పదేండ్ల దాకా, 20 కిలోలు దాటితే పదేండ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏండ్ల దాకా జైలు. అప్పుడు బెయిలు కూడా సులభంగా రాదు. ఎవరైనా వచ్చి "ఈ సంచి గుంతకల్లు స్టేషన్లో ఫలానావానికి అందించు, రెండు వేలు ఇస్తాం" అంటే, ఆ రెండు వేలకు మీరు అమ్ముకునేది పదేండ్ల వయసు అని గుర్తు పెట్టుకోండి.

ఇది మన ఒక్కరి కథే కాదు. అమెరికాలో 1986లో ఒక చట్టం చేసినారు. నల్లజాతి పేదల పేటల్లో దొరికే క్రాక్ అనే మత్తుమందు 5 గ్రాములుంటే ఐదేండ్లు జైలు. డబ్బున్నోళ్ళు వాడే పొడి కొకైను అయితే 500 గ్రాములు ఉంటేనే ఆ శిక్ష. రెండూ ఒకే పదార్థం! నూరు రెట్ల ఈ తేడాను 2010లో 18 రెట్లకు తగ్గించినారు, అప్పటికి ఒక తరం జైళ్ళలో గడిచిపోయింది. తక్కెడ ఎవరి చేతిలో ఉందో దాన్ని బట్టి తూకం ఉంటాది.

అందుకే పెద్దలకు మా మనవి. గంజాయి తాగే పిల్లోణ్ణి చూసి "దొంగనాకొడకా" అని వీధిలోకి ఈడ్చొద్దు. వాడు అలవాటులో పడిన రోగి. అదే చట్టంలో 64ఏ అనే సెక్షను ఉంది. వాడుకున్నందుకో, కొద్ది సరుకుతో దొరికినందుకో కేసు పడినోడు తానే ముందుకొచ్చి వైద్యం చేయించుకుంటానంటే, ఆ వైద్యం పూర్తి చేస్తే, శిక్ష నుంచి మినహాయింపు దొరుకుతాది. లాయరును అడగండి. సలహాకు 14446 అనే నంబరు ఉంది, డబ్బులు పడవు. సరుకు అమ్మేవాని సంగతి చెప్పాలంటే ఆంధ్రప్రదేశ్‌లో 'ఈగల్' విభాగానికి 1972 నంబరు ఉంది. మొదటి నంబరు మన పిల్లోని కోసం, రెండోది వానికి అమ్మినవాని కోసం. తారుమారు చేయొద్దండి.

తాగుడు మాన్పించే అక్కలకు కూడా ఒక జాగ్రత్త. ఏండ్ల తరబడి పొద్దు మాపు తాగినోణ్ణి గదిలో వేసి ఒక్కసారిగా మాన్పిస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనపడతాయి, ప్రాణం మీదికి కూడా వస్తాది. అది దయ్యం కాదు, మంత్రగాని దగ్గరికి పోవద్దు. సర్కారు పెద్దాసుపత్రికి తీసుకుపోండి. తెలియకుండా అన్నంలో కలిపి పెట్టమని ఎవరైనా మందు అమ్మితే కొనొద్దండి. ఆ మందు లోపలుండగా తాగితే మనిషి పడిపోవచ్చు.

బడి దగ్గర సంగతి మేం చెప్తాం. విద్యాసంస్థకు 100 గజాల లోపల బీడీ, సిగరెట్టు, పొగాకు అమ్మకూడదని 2003 చట్టం. పిల్లోని చేతికి మద్యమో, మత్తుమందో, పొగాకో ఇచ్చినవానికి ఏడేండ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షను. ఊరేగింపులో పద్నాలుగేండ్ల పిల్లోని చేతికి గ్లాసు ఇచ్చే పెద్దమనిషి కూడా ఈ సెక్షను కిందికే వస్తాడు. అది సరదా కాదు, నేరం.

మన పాట మనకుంది

పాటను వదిలేయమని మేం చెప్పం. వదిలేస్తే మనకు మిగిలేది ఏంది? 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు. మన రక్తం పారిన ఆ దినాలను పల్లెపల్లెకూ చెప్పింది పాట. అక్షరం రాని అవ్వకు కూడా అర్థమయ్యేటట్టు చెప్పింది పాట. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన దండోరా ఉద్యమం, ఏ డప్పును చూపి మనల్ని అంటరానోళ్ళన్నారో ఆ డప్పునే జెండా చేసుకుంది. వెట్టి చేసే చేతిలో ఉన్న వాయిద్యం హక్కు అడిగే చేతిలోకి వచ్చింది. అప్పుడు ఆ డప్పుకు సారాయి అవసరం రాలేదు.

కొత్త పాట కావాలంటే అదీ ఉంది. చెన్నైలో 2017లో సినిమా దర్శకుడు పా. రంజిత్ ముందుండి 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' అనే పాటల బృందం కట్టించినాడు. పేటల్లో సావు ఇంటి దగ్గర పాడే గానా పాటను, పేదల పేటల్లో నల్లజాతి పిల్లోళ్ళు పుట్టించిన రాప్‌ను కలిపి కులం మీద పాడినారు. పంజాబులో గిన్నీ మాహి అనే దళిత యువతి పాప్ బాణీల్లోనే అంబేద్కర్ గురించి, సంత్ రవిదాస్ గురించి పాడి దేశమంతా పేరు తెచ్చుకుంది. వాళ్ళ పాట కూడా స్పీకర్లోనే మోగుతాది, జనం ఎగురుతారు కూడా. మన అనంతపురానికి ఉరుములున్నాయి, తప్పెటుంది, చెక్కభజనుంది. సెల్‌ఫోను ప్రతి చేతిలో ఉంది. రాయగలిగిన పిల్లోళ్ళు మా బడుల్లో ఉన్నారు. కొరవ ఏంది?

బాబాసాహెబ్ జీవితం చూడండి. పెద్ద వయసులో ఆయన వయొలిన్ నేర్చుకున్నారు. అంత పని ఒత్తిడిలో కూడా సంగీతం కావాలనుకున్నారు. 1927లో మహద్ సభలో, చచ్చిన గొడ్డు మాంసం తినడం మానండని మనోళ్ళకు చెప్పినారు. ఊరు పారేసిన దాన్ని కూలిగా తీసుకోవద్దని దాని అర్థం. 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షల మందితో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు పదార్థాలు ముట్టబోమనేది ఒకటి. సంగీతాన్ని దగ్గరికి తీసుకుని సీసాను దూరం పెట్టిన మనిషి పుట్టినరోజు మనం చేసుకోబోయేది.

ఇంకో కారణం కూడా ఉంది. మహారాష్ట్ర నాందేడ్ దగ్గర బోండార్ హవేలీలో 2023 జూన్ 1న ఒక దళిత యువకుణ్ణి చంపేసినారు. ఊర్లో అంబేద్కర్ జయంతి జరిపినారనే కక్షే దానికి మూలమని కేసు. మన ఊరేగింపు పెద్ద వీధిలోకి పోతాంటే మిద్దెల మీద నుంచి చూసే కండ్లన్నీ మంచి కండ్లు కావు. వాళ్ళకు కావాల్సింది ఒక సాకు. "తాగి మా ఆడోళ్ళ మీదికి వచ్చినారు" అనే ఒక్క మాట చాలు, రాళ్ళు పడతాయి, తర్వాత కేసులు కూడా మన మీదే పడతాయి. మనం తాగకుండా నడవడం వాళ్ళ దగ్గర మంచోళ్ళం అనిపించుకోవడానికి కాదు. మత్తులో ఉన్నోడు కాపలా కాయలేడు. చెల్లెలు పక్కన నడిచేటప్పుడు అన్నకు తెలివి ఉండాల.

జయంతికి మనం చేసుకోవాల్సిన కట్టుబాటు

మేం తీర్పు చెప్పడానికి రాలేదు. ఈ ఆరు మాటలు సభ ముందర పెడతాండాం. ఇంటికొక ఆడమనిషి, ఇంటికొక మగమనిషి మాట్లాడి తేల్చండి.

ఒకటి. జయంతి ఊరేగింపులో, భోజనాల దగ్గర, చందా డబ్బుల్లో మద్యం ఉండకూడదు. ఏ పార్టీ నాయకుడు పెట్టెలు పంపినా వెనక్కు పంపాల.

రెండు. ఊరేగింపు ముందర తప్పెట నడవాల. కొట్టే మన కళాకారులకు డబ్బు రూపంలో కూలి, మెడలో పూలదండ, అందరి ముందరా వేదిక మీద ఇవ్వాల. ఇకమీద ఎవరి ఇంట పండగకైనా పీనుగకైనా మన తప్పెట కావాలంటే ముందు రేటు మాట్లాడాల. క్వార్టర్ ఇస్తామంటే తప్పెట లేవదు.

మూడు. డీజే కావాలనే పిల్లోళ్ళు డీజే పెట్టుకోండి. కానీ పాటల పట్టీ మీరే రాసి, ఆడపిల్లలు ఇద్దరు, మగపిల్లోళ్ళు ఇద్దరు ఉండే కమిటీకి చూపించాల. రాత్రి పది దాటితే చట్టం ఒప్పుకోదు. అవ్వలు, పసిబిడ్డలు ఉండే ఇళ్ళ ముందర కూత తగ్గించాల.

నాలుగు. ఆడపిల్లలు ఊరేగింపు మధ్యలో కాదు, ముందర ఉండాల.

ఐదు. అలవాటులో పడిన పిల్లోణ్ణి ఎవరూ వెలి వేయకూడదు. వాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోవడానికి వాని ఈడోళ్ళు ఇద్దరు, ఒక పెద్దమనిషి తోడు పోవాల.

ఆరు. బడి దగ్గర పొగాకు అమ్మే కొట్టు మీద, కాలనీలో బెల్టు షాపు మీద ఆడోళ్ళ సంతకాలతో అర్జీ రాయాల. అర్జీ రాసే పని మాది. పట్టుకుని పోవాల్సింది మనందరం.

డబ్బుల లెక్క కూడా చెప్పి ముగిస్తాం. నలభై మంది పిల్లోళ్ళు ఒక్క రాత్రి తాగే నలభై క్వార్టర్లు 3,960 రూపాయలు. ఆ డబ్బు ఈ ఏడు కమిటీ డబ్బాలో వేయండి. దాంతో బడి పిల్లోళ్ళకు తప్పెట నేర్పే పెద్దాయనకు కూలి ఇద్దాం. మిగిలింది పుస్తకాలకు పెడదాం. ఎంత వచ్చింది, ఎంత పోయింది అనేది జయంతి తర్వాత ఆదివారం ఇదే చెట్టు కింద చదివి వినిపించాల. సంతకం పెట్టేవాళ్ళు ముందుకు రండి. మొదట ఆడోళ్ళు రండి.

జై భీమ్!